పాత కంప్యూటర్‌ను విప్పాలా? దాచాలా?

లక్సెట్టిపేట: మూలన పడిన పాత కంప్యూటర్‌ను తూకానికి అమ్మాలా, విడిభాగాలకు విప్పాలా, ఉన్నది ఉన్నట్లు భద్రపరచాలా? లక్సెట్టిపేట వంటి పట్టణాల్లో డీటీపీ కేంద్రాలకు, పాఠశాలలకు ఎదురయ్యే ప్రశ్న ఇది. తొందరపడి విప్పితే కొన్ని తిరిగి దొరకవు.

1980, 90 దశకాల్లో డాస్ కంప్యూటర్ తెరపై తెలుగు కనిపించేందుకు ‘జిస్ట్’ కార్డును లోపల అమర్చేవారు. ఐఐటీ కాన్పూర్‌లో రూపుదిద్దుకున్న ఈ పరిజ్ఞానాన్ని 1988లో ఏర్పాటైన సీడాక్ వ్యాప్తిలోకి తెచ్చింది. ఇటువంటి కార్డుల అంచులకు ఉండే బంగారు పూతను కరిగిస్తే దక్కేది స్వల్పం. పోయేది మాత్రం తెలుగు కంప్యూటర్ చరిత్రకు సాక్ష్యం. హార్డ్‌డిస్కులో యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో కూర్చిన పుస్తకాలు ఉండవచ్చు. ఆ ఫాంటు లేనిదే వాటిని చదవడం కష్టం.

అలాగని అన్నింటినీ దాచనక్కరలేదు. విరివిగా అమ్ముడైన పెంటియం యంత్రం చెడిపోతే దాని పవర్ సప్లై, ఫ్లాపీ డ్రైవ్ అదే కోవకు చెందిన మరో యంత్రాన్ని నడిపిస్తాయి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ 1969లో రూపొందించిన టీడీసీ-12 వంటి అరుదైన వాటిని మాత్రం విప్పకూడదు.

ఏది చేసినా ముందుగా హార్డ్‌డిస్కులోని సమాచారాన్ని నకలు తీసుకోవాలి. 386, 486 మదర్‌బోర్డులపై ఉండే బ్యాటరీ కారితే రాగి గీతలను తినేస్తుంది. దాచదలిస్తే దానిని తొలగించాలి. పిక్చర్ ట్యూబులో సీసం ఉంటుంది కనుక పగలగొట్టరాదు. యాసిడ్‌తో బంగారం తీయడం ప్రాణాంతకం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లర్లు నమోదు కావడం తప్పనిసరి. మిగిలిన వ్యర్థాలను వారికే అప్పగించాలి.