పండు కూడా ఊపిరి పీలుస్తుంది

వైశాఖమాసం వచ్చిందంటే మామిడిపండ్ల గంపలు వీధిలోకి వస్తాయి. కృష్ణగిరి సంతలో అయినా, కోలారు జిల్లా శ్రీనివాసపురంలో అయినా, యానాం బజారులో అయినా ఆ వాసన ఒక్కటే. ఆశగా డజను పండ్లు కొని ఇంటికి తెచ్చుకుంటాం. మూడోరోజుకు రెండు పండ్లు మెత్తబడిపోతాయి. అయిదోరోజుకు నాలుగు కుళ్ళిపోతాయి. పారవేసిన ప్రతి పండు వెనుక ఏడాది పొడుగునా చెట్టును సాకిన రైతు శ్రమ ఉంది. మన ఇంట్లో పెద్దలు కష్టపడి సంపాదించిన డబ్బు కూడా ఉంది. పండు ఎందుకు చెడిపోతుందో తెలుసుకుంటే దానిని మరికొన్ని రోజులు నిలువ ఉంచే ఉపాయం మనకే తోస్తుంది.

చెట్టు నుంచి కోయగానే పండు ప్రాణం పోదు. అది మనలాగే ఊపిరి పీలుస్తూ ఉంటుంది. గాలిలోని ప్రాణవాయువును తీసుకొని, తనలో దాచుకున్న చక్కెరను కొద్దికొద్దిగా ఖర్చు చేస్తుంది. బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరిని, వేడిని బయటికి వదులుతుంది. పండ్లు నిండుగా ఉన్న గంప మధ్యలో చేయి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనం పండ్ల శ్వాస వల్ల పుట్టిందే. చెట్టు నుంచి రావలసిన నీరు, ఆహారం ఆగిపోయాయి కనుక పండు తన నిలువ మీదనే బతకాలి. ఆ నిలువ ఎంత త్వరగా తరిగితే పండు అంత త్వరగా వాడిపోతుంది. చుట్టూ ఉన్న వేడి 10 డిగ్రీలు పెరిగితే పండు శ్వాస వేగం సుమారు రెండు మూడు రెట్లు అవుతుంది. ఎండాకాలంలో పండ్లు తొందరగా చెడిపోవడానికి ఇదే ముఖ్య కారణం.

పండ్లన్నీ ఒకే తీరున ఉండవు. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం వంటివి కోసిన తరువాత కూడా పండుతాయి. ద్రాక్ష, నారింజ, బత్తాయి, దానిమ్మ, అనాసలను కోసి ఉంచితే కొత్తగా తీపి రాదు. అందుకే వీటిని చెట్టుమీదనే పండనిచ్చి కోస్తారు. మొదటి రకం పండ్లు పండే సమయంలో ఇథిలీన్ అనే వాయువును ఎక్కువగా విడుస్తాయి. పండే పండ్లు ఈ వాయువును తయారు చేస్తాయని 1934లో రిచర్డ్ గేన్ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. ఒక పండు విడిచిన ఇథిలీన్ పక్కనున్న కాయను కూడా పండిస్తుంది. దెబ్బ తగిలిన పండు దానిని మరింత ఎక్కువగా విడుస్తుంది.

ఈ వాయువు పేరు తెలియకపోయినా మన పెద్దలకు దాని పని బాగా తెలుసు. దోరకాయలను వరిగడ్డిలో కప్పి మాగబెట్టేవారు. బియ్యం డబ్బాలో మామిడికాయ దాచేవారు. అలా కప్పి ఉంచితే ఇథిలీన్, వేడి బయటికి పోకుండా కాయలు త్వరగా పండుతాయి. మరి పండిన పండు నిలువ ఉండాలంటే ఏం చేయాలి? మాగబెట్టే పద్ధతిని తిరగవేయాలి. అక్కడ కప్పితే ఇక్కడ విప్పాలి. అక్కడ కలిపి ఉంచితే ఇక్కడ విడదీయాలి. అక్కడ వెచ్చగా ఉంచితే ఇక్కడ చల్లగా ఉంచాలి.

ముందుగా పండ్లు తెచ్చిన వెంటనే గంపలోంచి తీసి వేరు చేయాలి. దెబ్బ తిన్నవి ఆ పూటే తినాలి. మెత్తబడినవి మరునాటికి, దోరగా ఉన్నవి ఆ తరువాతికి ఉంచాలి. గాలి తగిలే నీడపట్టున పలుచగా గుడ్డ పరచి, ఒకదానికొకటి తగలకుండా మామిడిపండ్లను పేర్చాలి. ముచ్చిక ఊడదీయకూడదు. ముచ్చిక ఊడినచోట బూజు సులభంగా ప్రవేశిస్తుంది. పండ్లను తినేముందు కడగాలి గాని, కడిగి తడితోనే నిలువ చేయరాదు. ద్రాక్షపండ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. అరటిపండ్లను నేలమీద పెట్టకుండా వేలాడదీస్తే ఒత్తిడి తగిలి నల్లబడవు. రోజూ ఒకసారి అన్నిటినీ చూసి, కుళ్ళినదానిని వెంటనే తీసివేయాలి. అది ఒక్కటి ఉంటే మిగిలినవాటికీ బూజు అంటిస్తుంది.

ఫ్రిజ్ ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పండని మామిడికాయను అందులో పెడితే చలికి దెబ్బతిని, తొక్కమీద నల్లమచ్చలు వస్తాయి, తరువాత సరిగా పండదు. బాగా పండిన తరువాత పెడితే మరి కొన్ని రోజులు ఉంటుంది. అరటిపండు తొక్క ఫ్రిజ్‌లో నల్లబడుతుంది గాని లోపలి గుజ్జు వెంటనే చెడిపోదు. నారింజ, బత్తాయి చల్లదనంలో ఎక్కువ రోజులు ఉంటాయి.

ఫ్రిజ్ లేని ఇంట్లో రెండు కుండలు చాలు. పెద్ద కుండ అడుగున ఇసుక పోసి, అందులో చిన్న కుండ ఉంచాలి. రెండు కుండల మధ్య ఇసుక నింపి, ఉదయం సాయంత్రం నీళ్ళు చల్లాలి. లోపల పండ్లు పెట్టి, పైన తడిగుడ్డ కప్పాలి. ఇసుకలోని నీరు ఆవిరి అవుతూ లోపలి వేడిని లాగివేస్తుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఇదే సూత్రంతో, రెండు ఇటుక గోడల మధ్య తడి ఇసుక నింపి, కరెంటు అక్కరలేని చల్లని గదిని రూపొందించారు. పొడిగాలి వీచే బళ్ళారి, రాయచూరు, చంద్రపూర్ వంటి చోట్ల ఈ కుండ బాగా చల్లబడుతుంది. యానాం, బరంపురం వంటి చోట్ల గాలిలోనే తేమ ఎక్కువ కనుక నీరు నెమ్మదిగా ఆవిరి అవుతుంది. అందువల్ల చల్లదనం తక్కువ.

ఎంత జాగ్రత్త పడినా పండుకు ఒక గడువు ఉంది. అది దాటేలోగా పండు రూపం మార్చడం మరో ఉపాయం. గోదావరి తీరాన ఆత్రేయపురంలో, విజయనగరం జిల్లా భీమాళిలో మామిడిరసంలో తీపి కలిపి, చాపలమీద పొరలు పొరలుగా పోసి, ఎండబెట్టి తాండ్ర చేస్తారు. మరాఠీవారు దానినే ఆంబాపోళీ అంటారు. నీరు ఇగిరిపోయి, చక్కెర చిక్కబడినచోట బూజు బతకలేదు. అందుకే వారంలో చెడిపోయే పండు నెలల తరబడి ఉంటుంది. అయితే బూజు పట్టిన పండును తాండ్రకు వాడకూడదు.

పండు రెండు రోజులు ఎక్కువ నిలిస్తే మరొకరి చేతికి అందుతుంది. మిగిలిన పండ్లు చెడిపోయేలోగా ఇరుగుపొరుగు పిల్లలకు పంచడం అన్ని పద్ధతులకంటె సులువైనది. దానికి కుండ కూడా అక్కరలేదు.

పదాలు – అర్థాలు

ముచ్చిక : మామిడికాయ తొడిమ
దోర : సగం పండిన స్థితి
మాగబెట్టు : కప్పి ఉంచి పండించు
ఇగురు : నీరు తగ్గి చిక్కబడు

ప్రశ్నలు

1. పండ్ల గంప మధ్యభాగం ఎందుకు వెచ్చగా ఉంటుంది?
2. "మాగబెట్టే పద్ధతిని తిరగవేయాలి" అనడంలో రచయిత ఉద్దేశం ఏమిటి?
3. రెండు కుండల పద్ధతి మీ ఊరిలో బాగా పనిచేస్తుందా? కారణం రాయండి.

చేసి చూడండి

రెండు పచ్చి అరటికాయలు తీసుకోండి. ఒకదానిని పండిన అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో కట్టండి. రెండోదానిని విడిగా గాలిలో ఉంచండి. ఏది ముందు పండింది? మీరు గమనించినది ఐదు వాక్యాలలో రాయండి.

తెలుసుకోండి

చిలుకముక్కు ఆకారంలో ఉండే తోతాపురి మామిడిని తమిళులు కిళిమూక్కు అని, కన్నడిగులు గిణిమూతి అని అంటారు. మీ ఇరుగుపొరుగువారిని అడిగి, అయిదు పండ్ల పేర్లు మీ రాష్ట్రభాషలోను, తెలుగులోను పట్టికగా రాయండి.