తరగతిగదిలో యంత్రసాధనములు

ఈ పాఠశాలలోనే చదువుకొని నేడు జిల్లా విద్యాశిక్షణ సంస్థలో డి.ఎల్.ఎడ్. శిక్షణ పొందుచున్న మాకు ఒక ప్రశ్న తరచుగా ఎదురగుచున్నది. తరగతిగదిలోనికి వచ్చుచున్న క్రొత్త యంత్రములను ఎట్లు వాడవలెను? ఎంతవరకు వాడవలెను? వాడవలెనా వలదా యను వాదమునకు ఇప్పుడు తావులేదు. అవి వచ్చియే యున్నవి. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో (2016లో ఈ రెంటిని విడదీసి పెక్కు జిల్లాలు చేసినను జనుల నోట ఇంకను ఆ పేరులే నిలిచియున్నవి) పలు ఉన్నత పాఠశాలల గోడలపై నల్లబల్ల ప్రక్కనే పెద్ద అద్దపు పలకలు వెలసినవి. రేపు ఆ పలకయెదుట నిలువవలసినవారము మేమే గనుక మా యాలోచనలను పాఠశాల పత్రిక ముఖమున చదువరులకు విన్నవించుకొనుచున్నాము.

నేడు పాతబడిన ప్రతి సాధనమును ఒకనాడు క్రొత్తదే. మన వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. 1789 ప్రాంతమున మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశస్థుడు, మలబారు పిల్లలు ఇట్లు ఇసుకలో వ్రాయుట చూచి ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. పెద్ద పిల్లలచే చిన్నవారికి చెప్పించెను. ఆ సంగతులను 1797లో పుస్తకముగ ప్రకటింపగా మద్రాసు పద్ధతియను పేర అది ఇంగ్లండున వ్యాపించెను. ఇసుకకు వెలలేదు. అయినను ప్రతి పిల్లవాని వ్రేలును కదలుచుండెను, ప్రతి పిల్లవాని తప్పును ఎవరో ఒకరు చూచుచుండిరి. పలకయు నల్లబల్లయు ఇదేవిధమున మన్ననకెక్కినవి. అటుపిమ్మట 1913లో, సినిమా బొమ్మల మూలమున బడులలో పుస్తకముల పని త్వరలోనే తీరిపోవునని అమెరికాలో థామస్ ఎడిసన్ జోస్యము చెప్పెను. నూరేండ్లు గడచినవి, పిల్లల సంచులు తేలికపడిన జాడ మాకు కానరాలేదు!

అద్దపు పలక పనిచేయు విధము సులభముగా చెప్పవచ్చును. ఇది కంప్యూటరు జతపడిన పెద్ద టెలివిజను తెరవంటిది. వీనిలో చాలవాని అంచులనుండి కంటికి కానరాని కిరణములు అద్దము మీదుగా అడ్డముగను నిలువుగను సాగుచుండును. వ్రేలు అద్దమును తాకినచోట కొన్ని కిరణములు ఆగిపోవును. అడ్డమున ఏది ఆగినదో, నిలువున ఏది ఆగినదో చూచి యంత్రము ఆ తావును గుర్తించును. పిల్లవాడు వ్రేలితో గీచిన గీత తెరపై పడుటకు కారణమిదియే. ఒకవిధముగ చూచిన ఇది మరల ఇసుకపలకయే. అయితే తరగతికంతకు ఒక్కటే యుండును, ఒకసారికి ఒకరిద్దరే వ్రాయగలరు.

ఇది దేనికి మేలైనదో మా ప్రాంతపు ఉదాహరణముతోనే చెప్పెదము. గోదావరిఖనిలో, మందమర్రిలో, బెల్లంపల్లిలో ఎందరో పిల్లల తండ్రులు సింగరేణి బొగ్గుగనులలో పనిచేయుదురు. ఆ పిల్లలు బొగ్గుపొడి మీదనే నడతురు గాని భూమిక్రింది సొరంగమును చూచియుండరు. చూచుటకు వీలును లేదు. పై కప్పు కూలకుండ ఎట్లు నిలుపుదురో, గాలి లోనికెట్లు పోవునో తెరపై పది నిమిషములు చూపినచో, తండ్రి యింటికి వచ్చి చెప్పు మాటలకు పిల్లవానికి రూపమేర్పడును. ఈ బొగ్గుపొరలకు భూగర్భశాస్త్రజ్ఞులు గోండ్వానా యని పేరు పెట్టిరి. అది గోండుల దేశము పేరే. కోట్ల సంవత్సరముల క్రిందట ఒక్కటిగనున్న ఆ పేరి మహాఖండము చీలి, ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలు వేరుపడుటను నల్లబల్లపై ఎంత గీచినను చూపజాలము. కదలు బొమ్మ క్షణములో చూపును. ఇక సిరిసిల్లలో మరమగ్గము చప్పుడు వినుచు పెరిగిన పిల్లలకు మగ్గమును గూర్చి సినిమా చూపుట మాత్రము మాకు వింతగా తోచును. అచట నాలుగడుగులు నడిపించి మగ్గమునే చూపవచ్చును గదా! చేతికందని దానికి యంత్రము. చేతికందిన దానికి చేయి.

యంత్రములకు గల కొరతను 2020లో మేము స్వయముగ చవిచూచితిమి. ఉపగ్రహముద్వారా పాఠములు చెప్పుట మనకు క్రొత్తకాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహము సహాయమున ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలోని రమారమి 2400 పల్లెలకు టెలివిజను కార్యక్రమములు చేరవేసిరి. కరోనా కారణమున పాఠశాలలు మూతపడినపుడు అట్టి ఉపాయమే మరల అక్కరకు వచ్చెను. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి మూడవ తరగతి మొదలు పైవారికి టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారములలో పాఠములు చెప్పిరి. మేము నాడు హైస్కూలు విద్యార్థులము. ఒక ఉపాధ్యాయుడు చెప్పిన పాఠము ఆకాశమున కెగసి, కరీంనగరము మేడలకును ఉట్నూరు అడవి గూడెములకును ఒక్కమారే దిగివచ్చుట నిజముగా గొప్ప సంగతి. కాని ఆ తెర చెప్పునేగాని వినదు. తెరలోని ఉపాధ్యాయుడు "అర్థమైనదా?" అని యడిగి, ఒక క్షణమాగి, ముందునకు సాగెడివారు. ఇంటిలో కూర్చున్నవారు "కాలేదు" అన్నను ఆ మాట గోడ దాటిపోలేదు. మధ్యాహ్నము ఫోనుచేసి "ఏది తెలియలేదో చెప్పుము" అని యడిగిన ఉపాధ్యాయుల పాఠములే మాకు మిగిలినవి.

తెలుగు వచ్చిన మాకే అట్లుండగా, ఇంట గోండియో కొలామీయో మాటలాడు పిల్లల స్థితి యెట్లుండునో చదువరులు ఊహింపగలరు. 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలల ఒకటి మొదలు ఎనిమిది తరగతులలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించెను. పుస్తకమున ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు అచ్చువేసిరి. తెలుగు బిడ్డకు ఇది మేలే. గోండు బిడ్డకు మాత్రము రెండు పుటలును పరాయివే.

ఈ చిక్కును మాకంటె ముందు ఎదుర్కొన్నవారు ఈ నేలమీదనే కలరు. 1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీము నేలకూలిన పిమ్మట, గోండుల కష్టములను విచారించుటకు నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియమించెను. ఆయన పూనికచే 1943లో, నేడు ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలమున నున్న మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఆరంభమయ్యెను. గోండి భాషలో నాగరీలిపితో వాచకములు సిద్ధపరచిరి. నాటి అడవిపల్లెలో అచ్చుపుస్తకమే క్రొత్త యంత్రము. అది పిల్లవాని యింటి మాటతో మొదలిడెను. దానిని చేతబట్టినవాడును ఆ పిల్లవాని యింటి మాట తెలిసినవాడే. కాలక్రమమున ఆ వాచకములు వాడుక తప్పుట మా తలపులో మిక్కిలి విచారకరము. శిక్షణ పొందుచున్న మాకు ఆ యువకులు పెద్దన్నలవంటివారు.

అయితే నాడు వారికి లేని వసతి యొకటి నేడు మాకు కలదు. నార్నూరు మండలము గుంజాలలో గోండులు భద్రపరచిన వ్రాతప్రతులలోని ప్రాచీన గోండి లిపికి 2018లో యూనికోడునందు స్థానము లభించెను. యూనికోడనగా లోకములోని లిపులలో ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్యను నిర్ణయించు పట్టిక. ఆ సంఖ్య లేనిదే కంప్యూటరు అక్షరమును అక్షరముగ గుర్తింపజాలదు. బొమ్మగా మాత్రమే చూపగలదు. ఇప్పుడు తగిన అచ్చుల కూర్పు అమర్చుకొన్నచో గుంజాల లిపి ఫోనులోను నిలుచును. అంతకంటె సులువైన సంగతి మరియొకటి: ఫోను మాటను పట్టి యుంచగలదు. లిపి రాకున్నను గొంతు చాలును.

కావున వచ్చు బోధనాభ్యాసమున, అడవి మండలములలో మాకు బడి దొరికినచో, నాలుగవ తరగతి చెట్లపాఠమును ఇట్లు చెప్పదలచితిమి. మొదటిదినమున అద్దపు పలకను తెరువము. పిల్లలను జట్లుగ చేసి, ఉపాధ్యాయుని ఫోను వంతులవారిగ ఇచ్చి, గూడెములోని అవ్వలయొద్దకు పోయి, చుట్టునున్న చెట్ల పేరులను, వాని ఆకు, కాయ, బెరడు దేనికి పనికివచ్చునో వారి నోటనే చెప్పించి పట్టుకొని రండని పంపుదుము. రెండవదినమున ఆ గొంతులను తరగతిలో వినిపింతుము. అప్పుడు పలకను తెరచి, విత్తు మొలచి మ్రానగు క్రమమును, వేరు నీటిని పైకి చేర్చు తీరును చూపుదుము. కరెంటు పోయినచో నల్లబల్ల యుండనే యున్నది. గోండి పేరు, తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు మూడు వరుసలుగ వ్రాయింపవలెనని మా తలంపు. కొన్ని చెట్లకు తెలుగు పేరులు మాకే తెలియవు. ఆ వరుస ఖాళీగనుంచి, మొదటి వరుసను పిల్లలచే చెప్పించి వ్రాసికొందుము.