ఈ మండల్ వేరు

ఢిల్లీలో మండల్ అనే మాట పలికితే ఎవరికైనా 1990 ఆగస్టు గుర్తుకు వస్తుంది. బడ్జెట్ సమావేశాలు ముగిసిన వారం నేను మండల్ వెళ్తున్నానని చెప్పినప్పుడు, ప్రెస్ గ్యాలరీ మిత్రుడొకరు "మళ్ళీ కమిషనేమైనా వేశారా?" అని అడిగారు. ఆయన ఎరుగని మండల్ ఒకటి ఉన్నది. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, గోపేశ్వర్ నుంచి చోప్తా వెళ్ళే దారిలో, అడవి అంచున ఉన్న చిన్న గ్రామం అది. ఆ మండల్ కోసం రాజధానిలో ప్రభుత్వాలేవీ పడిపోలేదు. కాని ఈ దేశపు అడవుల చరిత్రలో దానికొక పుట ఉన్నది.

అక్కడి నుంచి అనసూయాదేవి ఆలయానికి సుమారు 5 కిలోమీటర్ల కాలిబాట. అత్రి మహర్షి తపస్సు చేసిన చోటుగా చెప్పే గుహ ఆ పైన జలపాతం పక్కనే ఉన్నది. మన హరికథలలో విన్న అనసూయమ్మకు ఈ కొండవాసులు మార్గశిర పూర్ణిమనాడు తిరునాళ్ళు చేస్తారు. నేను వెళ్ళింది ఏప్రిల్ మధ్యలో. బాటకిరువైపులా బాంజ్ చెట్లు, వాటి నడుమ ఎర్రని బురాంశ్ పూలు. దిగువన చాలావరకు రాలిపోయి నేలను కప్పివేశాయి, పై వాలులలో ఇంకా చెట్లనే ఉన్నాయి. కింగోడ్ ముళ్ళపొదలు పసుపు పూలు తొడుక్కున్నాయి. తేమ ఉన్న గట్ల మీద ఊదారంగు గుత్తులతో ప్రిములా, గడ్డిలో అడవి స్ట్రాబెర్రీ తెల్లపూలు.

మొదటి వాగు దగ్గరే నా నడక ఆగిపోయింది. తడి ఇసుక మీద పాతిక ముప్పై సీతాకోకచిలుకలు రెక్కలు మూసి కూర్చున్నాయి. అవి దాహం తీర్చుకోవడం లేదు; ఇసుకలోని లవణాలను పీలుస్తున్నాయి. ఈ పని చేసేవి ఎక్కువగా మగవే. ఆ లవణాలు జత కట్టినప్పుడు ఆడదానికి, దాని నుంచి గుడ్లకు చేరుతాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. నా నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా లేచాయి. వాటిలో నల్లని రెక్కల మీద నీలి ఆకుపచ్చ మెరుపుగల కామన్ పీకాక్ కూడా ఉన్నది. ఉత్తరాఖండ్ 2016లో తన రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించుకొన్నది దీనినే.

డిగ్రీలో ఆంగ్ల సాహిత్యం చదివిన వాడిని నేను. డాఫోడిల్ పువ్వును కంటితో చూడకుండానే దాని మీద పరీక్షలో నాలుగు పుటలు రాసి మార్కులు తెచ్చుకొన్న తరం మాది. ఇప్పుడు కళ్ళెదుట ఉన్న పూలలో సగానికి నాకు ఏ భాషలోనూ పేరు తెలియదు. గడ్డిమోపుతో దిగివస్తున్న ఒక వృద్ధురాలిని ఆపి, "మాతాజీ, ఈ ముళ్ళ చెట్టు పేరేమి?" అని హిందీలో అడిగాను.

"తిమూర్, బేటా. దీని పుల్లతో పళ్ళు తోముకుంటాం" అన్నదామె.

కామన్ పీకాక్ ఆడది గుడ్లు పెట్టే చెట్లలో ఆ తిమూర్ ఒకటి. గొంగళి పురుగు దాని ఆకులు తిని పెరుగుతుంది. ముట్టుకుంటే తేలు కుట్టినట్లు మండే బిచ్ఛూ ఘాస్ మరొక జాతికి, ఇండియన్ టార్టాయిస్ షెల్‌కు, పురిటిల్లు. సీతాకోకచిలుక ఏ పువ్వు మీదనైనా వాలవచ్చు, కాని దాని పిల్ల ఏ ఆకునైనా తినదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేవి ఈ పొదలే. వీటిని నరికితే ఎవరూ లెక్క రాయరు.

ఆమె మరొక చెట్టు చూపించి, "ఇది అంగూ. కాడికి దీనిని మించిన కర్ర లేదు, తేలిక, గట్టి" అన్నది. ఆ పేరు వినగానే నేను మోపు దింపించి కూర్చోబెట్టాను. 1973లో ఈ కొండవాసులు నాగలికి, కాడికి పది అంగూ చెట్లు ఇమ్మంటే అటవీశాఖ కాదన్నది. అవే చెట్లను అలహాబాదు నుంచి వచ్చిన క్రీడా పరికరాల కంపెనీకి కేటాయించింది. చండీప్రసాద్ భట్ నడిపిన దశోలీ గ్రామ స్వరాజ్య సంఘం పిలుపుతో ఆ ఏప్రిల్‌లో ఊళ్ళవాళ్ళు డోళ్ళు కొట్టుకుంటూ మండల్ అడవికి వచ్చారు. కంపెనీ మనుషులు గొడ్డళ్ళతో వెనుదిరిగారు. చిప్కో ఉద్యమంలో మొదటి విజయం అదే. రేణీ గ్రామంలో గౌరాదేవి, ఆమెతోటి స్త్రీలు చెట్లకు అడ్డు నిలిచింది మరుసటి ఏడు. "నేను అప్పుడు కొత్త కోడలిని. డోలు చప్పుడు మా ఇంటికి వినిపించింది" అన్నదామె. అంతకు మించి గొప్ప చెప్పుకోలేదు.

1980 అటవీ సంరక్షణ చట్టం వెనుక ఉన్న ప్రజాభిప్రాయంలో ఆ డోళ్ళ చప్పుడుకు వాటా ఉన్నది. కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే ఏ రాష్ట్రమూ అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్ళించరాదని ఆ చట్టం శాసించింది. 2023లో దానిని సవరించారు. అంతర్జాతీయ సరిహద్దుకు, వాస్తవాధీన రేఖకు 100 కిలోమీటర్ల లోపల, జాతి భద్రతకు సంబంధించిన వ్యూహాత్మక రహదారుల వంటి వాటికి ఆ అనుమతి అక్కరలేదన్నారు. మణిపూర్‌పై ప్రతిపక్షాల ఆందోళన నడుమ జులై 26న లోక్‌సభ, ఆగస్టు 2న రాజ్యసభ దానిని ఆమోదించాయి. పాత భవనంలో జరిగిన చివరి వర్షాకాల సమావేశాలవి. గ్యాలరీలో కూర్చున్న నేను కూడా ఆనాడు మణిపూర్ గురించే రాశాను. ఈ బిల్లుకు నా వార్తలో దక్కింది మూడు పంక్తులు. పటం తీసి కొలిస్తే మండల్ ఆ 100 కిలోమీటర్ల లోపలనే ఉన్నది. గఢ్వాల్ కొండలలో అధికభాగం అంతే.

సరిహద్దులోని సైనికుడికి రోడ్డు కావాలి. 1962ను ఎరిగిన జాతి దానిని కాదనజాలదు. అభయారణ్యాలకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ వేరుగా ఉన్నదన్న వాదమూ నిజమే. కాని తిమూర్ పొద ఎక్కువగా ఉన్నది అభయారణ్యంలో కాదు. ఊరి వెనుక వాలులో, వన పంచాయతీ అడవిలో, బాట పక్కన. అనుమతి అడగవలసి ఉన్నంతకాలం ఎవరో ఒకరు వచ్చి చూడవలసి ఉండేది. ఆ చూడవలసిన పనినే చట్టం ఇప్పుడు ఎత్తివేసింది.

బయలుదేరే ముందు ఆ వృద్ధురాలు మరొక మాట చెప్పింది. చైత్ర సంక్రాంతినాడు ఇక్కడి పిల్లలు ఇంటింటి గడప మీద అడవి పూలు పెట్టి దీవెనలు చెబుతారు. దానిని ఫూల్‌దేయీ అంటారు. మన బతుకమ్మలాగే అడవి పూలతో చేసే పండుగ. "మా చిన్నప్పుడు ఆ పండుగకు బురాంశ్ అందేది. ఇప్పుడు కొన్ని చెట్లు మాఘంలోనే పూసేస్తున్నాయి. పండుగనాటికి పిల్లలు వెతుక్కోవాలి" అన్నది. జనవరిలో బురాంశ్ పూసిందన్న వార్తలు నేనూ పత్రికలలో చూశాను, వింతవార్తల శీర్షిక కింద.

ఢిల్లీ చేరాక నోట్‌బుక్ తెరిచి చూసుకున్నాను. పదకొండు సీతాకోకచిలుకల పేర్లు ఉన్నాయి, అన్నీ ఆంగ్లంలోనే. మొక్కల పేర్లు ఏడు, అన్నీ ఆమె చెప్పినవి. వర్షాకాల సమావేశాలకు నోట్‌బుక్ మార్చడం నా అలవాటు. ఈసారి ఇదే పట్టుకొని గ్యాలరీకి వెళ్దామనుకుంటున్నాను.