వేసవిలో ప్రాసెసరు: మెట్టప్రాంతపు కంప్యూటర్ల వేడిని తగ్గించుకొనుట

కృష్ణా జిల్లా మెట్టప్రాంతంలో ఎండ ఎంత తీవ్రమైనదో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి మన నందిగామ, జగ్గయ్యపేటలు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గాని, ఎండ మాత్రం పాత జిల్లా ఎండయే. మే మాసంలో 44, 45 డిగ్రీలు నమోదగుట ఇక్కడ వింత కాదు. ఇటువంటి చోట విద్యార్థులు విజయవాడలోనో, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోనో ఒక్కొక్క భాగమే బేరమాడి కొని తెచ్చి, ఇంటివద్ద స్వయంగా కంప్యూటరు బిగించుకొంటున్నారు. ముచ్చటైన విషయమే. అయితే చలికాలమంతా చక్కగా పనిచేసిన ఆ యంత్రం ఏప్రిల్ వచ్చేసరికి మందగిస్తుంది. మే నెలలో ప్రాజెక్టు పని మధ్యలో ఉండగానే ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు "ప్రాసెసరు పోయింది, కొత్తది వేయించండి" అంటారు. తల్లిదండ్రులకు వేల రూపాయల ఖర్చు తెచ్చిపెట్టే ఆ సలహా చాలా సందర్భాలలో అనవసరమైనది. ఎందుకు అనవసరమో వివరించుటయే మా ఉద్దేశం.

తెలుగు చెప్పుకొనేవారము గనుక మాటతోనే ప్రారంభిస్తాము. వాడుకలో మనం 'వేడి' అనే ఒక్క పదంతోనే రెండు విషయాలు చెబుతున్నాము. ఉర్దూలో వేడిని 'హరారత్' అనీ, ఉష్ణోగ్రతను 'దర్జా-ఎ-హరారత్' అనీ అంటారు. దర్జా అనగా మెట్టు, స్థాయి. వేడి ఎంత ఉన్నదన్నది ఒకటి, అది ఏ మెట్టు మీద ఉన్నదన్నది మరొకటి. అగ్గిపుల్ల మంట కాగులోని గోరువెచ్చని నీటికంటె ఎంతో పై మెట్టున ఉంటుంది. కాని మొత్తం మీద ఎక్కువ వేడి ఉన్నది కాగులోనే. ప్రాసెసరు విషయంలో వాట్లు వేడి పుట్టే వేగాన్ని తెలుపుతాయి, డిగ్రీలు మెట్టును తెలుపుతాయి. 65 వాట్ల ప్రాసెసరు పుట్టించే వేడి పాతకాలపు 60 వాట్ల బల్బు వేడికి ఇంచుమించు సమానం. అయితే అదంతా గోటంత సిలికాను ముక్కలో పుడుతుంది. చిక్కంతా అక్కడనే ఉన్నది.

1978లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 8086 ప్రాసెసరుకు చల్లబరిచే పరికరమే అవసరం లేకపోయింది. 1993 నాటి పెంటియంకు ఫ్యాను తప్పనిసరి వంటిదయింది. 2004లో అదే సంస్థ 'టెహాస్' అనే ప్రాసెసరు నిర్మాణాన్ని మధ్యలోనే విరమించుకొన్నది. వేడి సమస్య అందుకు ప్రధాన కారణం. వేగం పెరిగితే వేడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజి పెరిగితే మాత్రం దాని వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అనగా వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. ఈ సూత్రంతో చివరలో పని ఉన్నది.

వేడి ఎల్లప్పుడూ పై మెట్టునుండి కింది మెట్టుకే దిగుతుంది. సిలికాను ముక్కనుండి దాని లోహపు మూతకు, మూతనుండి పేస్టుకు, పేస్టునుండి హీట్‌సింకు రేకులకు, రేకులనుండి ఫ్యాను తోలే గాలికి, పెట్టెలోని గాలినుండి గదిలోని గాలికి. గది గాలి ఈ మెట్లలో అట్టడుగుది. ఎంత ఖరీదైన ఫ్యాను అయినా ప్రాసెసరును గదికంటె చల్లగా చేయలేదు. ఒక హీట్‌సింకు ప్రతి వాటుకు అర డిగ్రీ తేడా నిలుపుతుందనుకొందాము. 65 వాట్లకు ఆ తేడా 32.5 డిగ్రీలు. గది 22 డిగ్రీలుంటే ప్రాసెసరు 54.5 వద్ద నిలుస్తుంది. మండుతున్న స్లాబు కింద గది 40 డిగ్రీలుంటే అదే ప్రాసెసరు 72.5కు చేరుతుంది. యంత్రంలో ఏ లోపమూ లేదు. చల్లని దేశాలవారు తమ గదులలో కొలిచి చెప్పిన అంకెలతో మన అంకెలను పోల్చుకొని దిగులుపడుట అందుచేతనే సరికాదు.

కనుక చూడవలసినది ఉష్ణోగ్రతను కాదు, తేడాను. కోర్ టెంప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ప్రాసెసరు ఉష్ణోగ్రతను చూపుతుంది. పెట్టె ముందర ఒక మామూలు థర్మామీటరు వ్రేలాడదీసి, ఒకే పనిని పావుగంటసేపు నడిపి, రెండింటి తేడాను జనవరిలో ఒకమారు, మేలో ఒకమారు పుస్తకంలో వ్రాసుకొనవలెను. తేడా మారకపోతే యంత్రం క్షేమంగా ఉన్నట్లే. గది సంగతి చూచుకొనవలెను. తేడా పది, పదిహేను డిగ్రీలు పెరిగితే పై మెట్లలో ఏదో ఒకటి పూడిపోయినదని అర్థం. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. రైజెన్ రకాలలో పెక్కింటికి 90 లేక 95. ఆ హద్దు చేరగానే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. ఏప్రిల్‌లో కనబడే మందగమనం చాలావరకు ఇదే. అప్పటికీ ఉష్ణోగ్రత తగ్గకపోతేనే యంత్రం ఆగిపోతుంది. అది రక్షణయే గాని మరణం కాదు.

ఇంటివద్ద బిగించినవాటిలో మొదట అనుమానించవలసినది హీట్‌సింకు కూర్చున్న తీరును. ఇంటెల్ ప్రాసెసరుతో వచ్చే హీట్‌సింకుకు నాలుగు మూలలా నాలుగు మేకులుంటాయి. ఎదురెదురు మూలలవి జతగా నొక్కవలెను. ప్రతిదీ 'టక్'మని పడవలెను. ఒక్కటి పడకపోయినా ఆ పక్క సన్నని సందు మిగులుతుంది. రాగి వేడిని గాలికంటె సుమారు పదిహేను వేల రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. అందుచేత వెంట్రుకవాసి గాలి కూడా గోడవలె అడ్డు నిలుస్తుంది. పేస్టు ఉన్నది ఆ గాలిని తరుముటకే. పేస్టు గాలికంటె వందరెట్లకు పైగా మేలైనదైనా లోహాలకంటె చాలా తక్కువది. కాబట్టి రొట్టెకు వెన్న పూసినట్లు దట్టంగా పూయుట లాభం లేని పని. మధ్యలో బఠాణీ గింజంత పెట్టి నొక్కితే చాలును. హీట్‌సింకు తీసినప్పుడెల్లా పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టవలెను. విడిగా కొన్న హీట్‌సింకు అడుగున అంటించిన ప్లాస్టిక్ పొరను తీయకుండానే బిగించినవారు కూడా ఉన్నారు!

ఇక మన ప్రాంతపు ప్రత్యేకత దుమ్ము. జగ్గయ్యపేట చుట్టుపట్ల సున్నపురాయి, సిమెంటు పరిశ్రమ. నందిగామ మీదుగా హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి, దానిపై లారీలు. ఈ సన్నని దుమ్ము హీట్‌సింకు రేకుల మధ్య చేరి గాలిని ఆపుతుంది. ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రేకులలోనికి పోదు. సిమెంటు పాలున్న దుమ్ము తేమ తగిలితే గట్టిపడే స్వభావం కలది. అందుచేత తొలకరి పడిన తరువాత కంటె దానికి ముందే శుభ్రం చేయుట మేలు. కరెంటు తీగ తీసివేసి, పెట్టెను ఆరుబయటకు తెచ్చి, ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టుకొని బ్లోయరుతో ఊదవలెను. రెక్కలను వదలివేస్తే ఆ గాలికి మితిమీరి తిరిగి బేరింగు చెడవచ్చును. తడిగుడ్డ పనికిరాదు.

పెట్టె ఫ్యాన్లలో ముందువి గాలిని లోనికి, వెనుకది బయటకు తోలవలెను. ఫ్యాను చట్రంపై ఊచలున్న వైపునుండే గాలి బయటకు వస్తుంది. లోనికి వచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉండి, అక్కడ వలగుడ్డ ఉంటే, దుమ్ము సందులనుండి చొరబడదు. బల్ల అరలో పెట్టెను ఇరికించుట, పైన మేజోడు అల్లిక గుడ్డ కప్పుట మానవలెను. గదిలో నీటి కూలరు మన పొడి ఎండలకు బాగా పనిచేస్తుంది. కూజా నీటిని చల్లబరిచే సూత్రమే అది. కిటికీ తెరచి ఉంచవలెను, తుంపర యంత్రంపై పడరాదు. స్లాబుపై సున్నం వేయించుట కూడా మేలే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక లెక్క విన్నవించుకొంటాము. ముప్పది కంప్యూటర్లున్న గదిలో ఒక్కొక్కటి 100 వాట్లు వాడితే మొత్తం 3,000 వాట్లు. ఒక టన్ను ఏ.సి. తొలగించగల వేడి సుమారు 3,500 వాట్లు. అనగా విద్యార్థులు, గోడలు, ఎండ సంగతి అటుంచి, యంత్రాల వేడికే దాదాపు ఒక టన్ను ఖర్చవుతున్నది. ఏ.సి. కొనేముందు యంత్రాల వాట్లు తగ్గించుట లాభసాటి.

అది బయోస్‌లో చేయదగిన పని. ఉదాహరణకు ఇంటెల్ కోర్ ఐ5-12400కు మూల పరిమితి 65 వాట్లు, గరిష్ఠ టర్బో పరిమితి 117. కొన్ని మదర్‌బోర్డులు గరిష్ఠాన్నే నిరంతరం అనుమతిస్తాయి. దానిని 65కు దించవచ్చును; చాలా రైజెన్ యంత్రాలలో 'ఈకో మోడ్' ఇటువంటిదే. వేగంతోపాటు వోల్టేజి కూడా తగ్గుతుంది గనుక, పైన చెప్పిన వర్గసూత్రం వలన, వేడి తగ్గినంతగా వేగం తగ్గదు. వ్రాతపనికీ, ప్రోగ్రాములకూ ఆ తేడా తెలియనే తెలియదు. వీడియో కూర్పు వంటి బరువైన పనులుంటే మేలో వాటిని మధ్యాహ్నం పెట్టుకొనక, తెల్లవారుజామున గది గాలి కింది మెట్టున ఉన్న వేళకు ఉంచుకొనవచ్చును.