నలుపులోంచి వెలుగు తీసిన బొమ్మలు

పొగగొట్టాలు, ఇనుప వంతెనలు, పేదల ఇరుకు గదులు కూడా బొమ్మ గీయదగ్గవేనా? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఈ ప్రశ్న గట్టిగానే వచ్చింది. గీయదగ్గవేనని చేసి చూపినవారిలో అచ్చుబొమ్మల కళాకారులున్నారు. రాగిరేకు మీదో, రాతి మీదో బొమ్మ గీసి, సిరా పట్టించి, కాగితం మీద వత్తి తీసేదే అచ్చుబొమ్మ. ఒక్క రేకు నుంచి చాలా ప్రతులు వస్తాయి.

జోసెఫ్ పెన్నెల్ పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారాలనూ, 1912లో పనామా కాలువ పనులనూ గీశారు. పనితనం గొప్పదే. కాని అక్కడ యంత్రాలు కొండల్లా, మనుషులు చీమల్లా ఉంటారు. జాన్ స్లోన్ మనుషుల దగ్గరికి వచ్చారు. 1906లో ఆయన వేసిన ఒక బొమ్మలో న్యూయార్క్ జనం ఉక్క భరించలేక మేడ మీద పడుకొని ఉంటారు. ఏప్రిల్ రాత్రుల్లో హాస్టల్ డాబా ఎక్కిన మనకు ఆ బొమ్మను ఎవరూ వివరించనక్కరలేదు! ఆయన నగర చిత్రాల్లో కొన్నింటిని మోటుగా ఉన్నాయంటూ ఆ ఏడాదే ఒక ప్రదర్శన నుంచి తీసేశారు.

మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది డాక్స్ థ్రాష్ గురించి. ఆయన 1893లో జార్జియా రాష్ట్రం గ్రిఫిన్‌లో నల్లజాతి కుటుంబంలో పుట్టారు. షికాగోలో లిఫ్టు నడుపుతూ చిత్రకళ నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా వెళ్లొచ్చి చదువు కొనసాగించారు. 1930ల మాంద్యంలో ప్రభుత్వం పనిలేని కళాకారులకు జీతమిచ్చి పని కల్పించినప్పుడు ఫిలడెల్ఫియాలోని అచ్చు వర్క్‌షాపులో చేరారు.

అక్కడ అచ్చురాళ్లను అరగదీయడానికి కార్బోరండం అనే గరుకు పొడి ఉండేది. దాన్ని రాగిరేకు మీద వేసి రుద్దితే రేకంతా సన్నని గుంటలు పడతాయి. సిరా పూసి అచ్చు తీస్తే కాగితం చిక్కటి నలుపుగా వస్తుంది. వెలుగు కావలసినచోట రేకును గీకి నునుపు చేయాలి. ఎంత నునుపైతే అంత తెలుపు. మనం తెల్లకాగితం మీద నల్లగీత గీస్తాం, ఇక్కడ నలుపులోంచి తెలుపు తీయాలి. ఇద్దరు తోటి కళాకారులతో కలిసి ఈ పద్ధతి కనిపెట్టిన థ్రాష్, తన తల్లి ఒఫీలియా పేరున వాటిని ఒఫీలియాగ్రాఫులు అన్నారు.

1941 నాటికి ఆయుధ కర్మాగారాల్లో నల్లవారికి పని దొరకడం కష్టం. ఫిలిప్ రాండాల్ఫ్ వేలమందితో వాషింగ్టన్‌కు కదులుతామని హెచ్చరించాకే, ఆ జూన్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే థ్రాష్ 'రక్షణ కార్మికుడు' అనే బొమ్మ వేశారు. అందులో కార్మికుడు చీమలా లేడు. బొమ్మ నిండా అతనే ఉన్నాడు.

థ్రాష్ 1965లో కన్నుమూశారు. 2001లో ఫిలడెల్ఫియా కళా మ్యూజియం ఆయన బొమ్మలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.