మంద్రంలో మొనగాడు

రాక్ బృందంలో బాస్ గిటారు వాయించేవాడు ఏపాటి చదివి ఉంటాడు? ఢిల్లీ బృందం ‘ఇండియన్ ఓషన్’లోని రాహుల్ రామ్ చదువు తాడిచెట్టంత! ఐఐటీ కాన్పూర్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, అమెరికాలోని కార్నెల్‌లో పర్యావరణ విషశాస్త్రంలో పీహెచ్‌డీ. అంత చదివీ వెళ్లింది నర్మదా బచావో ఆందోళనలోకి. 1991లో బృందంలో చేరాక కూడా ఆ నది ఆయన్ను వదల్లేదు. ‘మా రేవా’ పాట పుట్టింది ఆ ఒడ్డు జానపదంలోంచే.

మామూలు గిటారుకు ఆరు తీగలు, బాస్‌కు నాలుగే. అక్కడి లావు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తే ఇక్కడిది 41 సార్లే. మీటి చూడండి, తీగ పొగలా ఊగడం కంటికే తెలుస్తుంది. దాని ధ్వని అల పొడవు 8 మీటర్ల పైమాటే! అలాంటి అలలు 36 నిలువుగా పేరిస్తే ఖతార్ రాజధాని దోహాలోని 300 మీటర్ల ఆస్పైర్ టవర్. 20 మీటర్ల తాడిచెట్లయితే 15 చాలు.

బాస్ వాద్యాల్లో భీముడు ఆక్టోబాస్. 1850లో పారిస్‌లో వాద్యాల తయారీదారు వియోమ్ చేశాడు. ఎత్తు 3.48 మీటర్లు, ఇద్దరు మనుషులంత! తీగల పైకొసకు చెయ్యి అందదు. మీటలతో, పెడళ్లతో నొక్కాల్సిందే.

ఇక ఇండియన్ ఓషన్ ఆల్బమ్‌ల్లో అతి వేగం: ‘డెజర్ట్ రెయిన్’. 1997 జనవరి 1న ఢిల్లీలో సహమత్ సంస్థ కచేరీలో వాయిస్తుండగానే ఆల్బమ్ రికార్డయిపోయింది! ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా దక్కని దోహావాళ్లకు ఆ పేరు మరీ నచ్చాలి.

అతి పాత భాష: 2000లో వచ్చిన ‘కందీసా’. పాట ఉన్నది మూడు వేల ఏళ్ల అరమాయిక్‌లో! గిటార్ల మధ్య ప్రాచీన ప్రార్థన.

అతి చవక: 2010 నాటి ‘16/330 ఖజూర్ రోడ్’. ఇంటర్నెట్‌లో ఉచితంగా వదిలారు! పేరు, ఢిల్లీ కరోల్‌బాగ్‌లో వాళ్లు సాధన చేసిన పాత ఇంటి చిరునామా. ఖజూర్ అంటే ఖర్జూరమే.

ఖర్జూరాల దేశం ఖతార్ మాత్రం వీళ్లకు చేదు మిగిల్చింది. 2009లో దోహా వెళ్లినప్పుడు తబలా, గాత్రం రెండూ మోసే వ్యవస్థాపకుడు అసీం చక్రవర్తికి గుండెపోటు వచ్చింది. ఆ డిసెంబర్ 25న ఢిల్లీలో కన్నుమూశారు. ఖజూర్ రోడ్ ఆల్బమ్‌లో ఆయన గొంతూ వినిపిస్తుంది. రెండో వ్యవస్థాపకుడు, గిటారిస్టు సుస్మిత్ సేన్ 2013లో తప్పుకున్నారు. డ్రమ్ముల అమిత్ కిలాం చేరింది 1994లో. ఇప్పుడు బృందంలో అందరికన్నా సీనియర్ ఆ నాలుగు తీగల డాక్టరే.