పథ్యం పేరుతో కండ కరిగిపోతోంది

గౌలిపుర: పేరులోనే పాలవాళ్లున్న బస్తీ ఇది. నయాపూల్ మీదుగా మూసీ దాటితే ఉస్మానియా ఆసుపత్రి. దీర్ఘకాలం కడుపు జబ్బుతో పల్లెల నుంచి వచ్చి పాతబస్తీలో చుట్టాల ఇంట దిగేవారికి ఇంటివారు పెట్టే పథ్యం తరచు ఒకటే. గంజి, జావ, పలచని మజ్జిగ. అదీ నెలల తరబడి! విరేచనాలు తగ్గుతాయి గాని, లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవలసి వస్తుంది.

పేగుల్లో వాపు, పుండ్లు ఉన్నప్పుడు తిన్నది సరిగా ఒంటబట్టదు. వాపు వల్ల కండ మామూలుకన్నా త్వరగా కరుగుతుంది. స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ కాలం వాడితే ఇంకా కరుగుతుంది. ఇన్ని చాలనట్టు మన పథ్యం ఒకటి.

తూకం ఒక్కటే చూసి మోసపోరాదు. కాలేయం చెడి పొట్టలో నీరు చేరితే తూకం తగ్గదు, తొడలూ భుజాలూ మాత్రం చిక్కిపోతాయి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకుమించి పడితే అనుమానించాలని ఆసియా నిపుణులు 2019లో చెప్పారు.

ఆరోగ్యంగా ఉన్న 50 కిలోల మనిషికి రోజుకు 40 గ్రాములకు పైచిలుకు మాంసకృత్తులు చాలు. పేగువాపు ముదిరి ఉన్నప్పుడు 60 నుంచి 75 గ్రాములు కావాలి. ఖరీదైన డబ్బాలు, డాక్టరు రాస్తే తప్ప, అక్కరలేదు. రెండు గుడ్లు, అర లీటరు పాలు, 60 గ్రాముల కందిపప్పు, 100 గ్రాముల కోడిమాంసం కలిస్తే 60 గ్రాములు వచ్చినట్టే. అన్నం, రొట్టె నుంచి వచ్చేది అదనం. పాలు పడనివారికి పెరుగు పడవచ్చు. మాంసం ముట్టనివారు పప్పు, పెరుగు పెంచుకోవాలి. ఒకేసారి కాక ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. కాలేయ రోగులు రాత్రి పడుకునే ముందు ఏదైనా తినడం తప్పనిసరి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే శరీరం తన కండనే తింటుంది.

తిండి ఒక్కటే చాలదు. కండకు పని చెప్పాలి. రోజూ నడవాలి. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి పదేసిసార్లు లేవడం, గోడను చేతులతో నెట్టడం, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం చేయవచ్చు. జ్వరం ఉన్నా, విరేచనంలో రక్తం పడుతున్నా ఆపి డాక్టరును చూడాలి.

పేగు ఇరుకైనవారు తొక్కలు, పీచు విషయంలోను, మూత్రపిండాల జబ్బున్నవారు పప్పు, మాంసం విషయంలోను ముందుగా డాక్టరును అడగాలి. ఓపీకి వెళ్లేటప్పుడు వారం రోజులు తిన్నది కాగితం మీద రాసుకుని వెళితే డాక్టరుకు చెప్పడం తేలిక.